లినక్స్ ల్యాప్‌టాపులో వైఫై మందగమనము: చిట్కా వైద్యముపై ఒక విమర్శ

చెరువు కింది పొలమునకు నీరు అందకున్నచో నీరటివాడు గట్టు తెగగొట్టడు. ముందుగా చెరువులో నీటిమట్టము చూచును. తరువాత తూము చూచును. పిమ్మట కాలువ వెంట నడచి ఎక్కడ పూడినదో, ఎక్కడ గండి పడినదో కనుగొనును. చివరకు పొలము మడవ దగ్గరకు వచ్చును. కాకతీయుల కాలమున వెలసిన పాకాల, రామప్ప చెరువులు గల ఓరుగల్లు ప్రాంతమువారికి ఈ క్రమము కొత్త కాదు. ల్యాప్‌టాపునకు వైఫై ద్వారా వచ్చు సమాచారము కూడ ఇట్టి నాలుగు అంచెలను దాటియే వచ్చును. ఇంటర్నెట్ ఇచ్చు సంస్థ చెరువు. గదిలోని రౌటరు తూము. రౌటరునకును ల్యాప్‌టాపునకును నడుమ సాగు రేడియో తరంగముల మార్గము కాలువ. ల్యాప్‌టాపులోని వైఫై కార్డు, దానిని నడపు డ్రైవరు అను ప్రోగ్రాము మడవ. ఐనను వైఫై మందగించినపుడు ఈ నాలుగింటిని వరుసగా పరీక్షించువారు అరుదు. ఎవరో చెప్పిన ఆదేశము నొకదానిని టైపు చేసి ఫలితమునకై ఎదురుచూచుటయే వాడుకయైనది. ఆ వాడుక ఎంతవరకు శాస్త్రీయమో చర్చించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

లినక్స్ అనునది కంప్యూటరును నడపు నిర్వహణ వ్యవస్థలలో ఒకటి. దీని కేంద్రభాగమును 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్రాయ నారంభించెను. దీని సోర్సు కోడును, అనగా ప్రోగ్రాము యొక్క మూలపాఠమును, ఎవరైనను చదువవచ్చును, సవరింపవచ్చును, ఇతరులకు పంచవచ్చును. తెలుగునాట స్వేచ్ఛ అను సంస్థ దీనికి తెలుగు రూపమును వెలువరించినది. సీడాక్ అను కేంద్రప్రభుత్వ సంస్థ 2007లో బాస్ అను పేర మరియొక రూపమును తెచ్చినది.

నేడు ఈ వ్యవస్థ విద్యార్థులకు మరింత అవసరమైనది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11 కోరు పరికరములు లేని పాత ల్యాప్‌టాపులు ఇంకను బాగుగనే పనిచేయుచున్నవి. లినక్స్ వేసుకొన్నచో వాటికి మరికొన్ని ఏండ్ల ఆయువు కలుగును. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ నగరము విద్యార్థుల నగరము. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థయైన విద్యాలయము, 1976లో నెలకొన్న కాకతీయ విశ్వవిద్యాలయము, వాటి చుట్టును పెక్కు కళాశాలలు, వసతి గృహములు ఇచ్చట ఉన్నవి. అన్న చదువు ముగించి తమ్మునికి ఇచ్చిన ల్యాప్‌టాపు, సగము ధరకు కొన్న పాత ల్యాప్‌టాపు ఎందరికో ఆధారము. అట్టి యంత్రములో వైఫై నెమ్మదించినచో పాఠము తెగిపోవును. దరఖాస్తు గడువులోపల చేరదు. "లినక్స్ పనికిరాదు" అని దానిని మూలకు నెట్టినచో కొత్తది కొనలేని విద్యార్థికే నష్టము. కాబట్టి తీర్పు చెప్పుటకు ముందు విచారణ జరుగవలెను.

ముందు కొలత

"నెమ్మదిగా ఉన్నది" అను మాటలో కొలత లేదు. ఇచ్చట కొలువవలసిన రాశులు నాలుగు.

మొదటిది సంకేత బలము. దీనిని డీబీఎం అను ప్రమాణములో చెప్పుదురు. ఒక మిల్లీవాటు సున్న. ప్రతి పది అంకెల తగ్గుదలకు సామర్థ్యము పదవ వంతగును. మైనస్ 50 అనగా వాటులో పదికోట్ల వంతు. మైనస్ 80 అనగా అందులో మరల వెయ్యవ వంతు. మైనస్ 60 కంటె మెరుగైన బలము మంచిది. మైనస్ 75 దాటినచో బలహీనము.

రెండవది బంధపు వేగము. ఇది ల్యాప్‌టాపు, రౌటరు తమలో తాము ఒప్పుకొన్న వేగము. 1997లో వచ్చిన తొలి వైఫై ప్రమాణములో ఇది సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. 1999లో 11, 2003లో 54 మెగాబిట్లకు పెరిగినది. 2009 నాటి "ఎన్" ప్రమాణములో సామాన్యమైన రెండు యాంటెన్నాల కార్డునకు 300 వరకు లభించును. సంకేతము బలహీనమైనకొలది ఈ వేగమును రెండు పరికరములును దించుకొనును.

మూడవది నిజముగా చేరు సమాచారము. ఒకరి తరువాత నొకరు వంతులవారీగా మాటలాడవలసి యుండుటచేత ఇది సాధారణముగా బంధపు వేగములో సగమో, కొంచెము ఎక్కువో ఉండును. ఇచ్చటనే ఒక పొరపాటు తరచుగా జరుగుచుండును. ఇంటర్నెట్ సంస్థ వేగమును మెగాబిట్లలో చెప్పును. ఫైలు దిగుమతిని కంప్యూటరు మెగాబైట్లలో చూపును. ఒక బైటుకు 8 బిట్లు. కనుక 100 మెగాబిట్ల సేవలో సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి రావు. తెరపై 11 చూచి ఎనిమిది వంతులు పోయినవని బాధపడు విద్యార్థి ల్యాప్‌టాపునకు ఏ దోషమును లేదు.

నాలుగవది జాప్యము. ఒక చిన్న సందేశము పోయి తిరిగి వచ్చుటకు పట్టు కాలము ఇది. పింగ్ అను ఆదేశము దీనిని మిల్లీసెకండ్లలో చూపును. ఒకే గదిలోని రౌటరునకు ఇది కొద్ది మిల్లీసెకండ్లు మాత్రమే ఉండవలెను.

ఈ నాలుగును కొలిచిన పిమ్మట దోషము ఏ అంచెలో నున్నదో తెలియును. రౌటరువరకు జాప్యము తక్కువగా ఉండి, బయటి చిరునామాకు మాత్రము ఎక్కువైనచో దోషము వైఫైలో లేదు. చెరువులోనో, చెరువునుండి తూమువరకు వచ్చు దారిలోనో ఉన్నది. అప్పుడు ల్యాప్‌టాపులో ఎన్ని మార్పులు చేసినను ప్రయోజనము లేదు.

మూడు ప్రసిద్ధ చిట్కాలు

విద్యార్థుల నోట తరచుగా వినవచ్చు చిట్కాలు మూడు. వాటిని ఒక్కొక్కటిగా పరిశీలింపవచ్చును.

మొదటి చిట్కా వైఫై కార్డు విద్యుత్ పొదుపును ఆపివేయుట. ఇది ఆధారము లేనిది కాదు. బ్యాటరీ ఆదా కొరకు కార్డు మధ్య మధ్య నిద్రించును. ఆ కాలమున వచ్చిన సమాచారమును రౌటరు నిలువ చేసి, సుమారు 100 మిల్లీసెకండ్ల కొకసారి పంపు ప్రకటనలో ఆ సంగతి తెలుపును. కార్డు మేల్కొని అడిగి తీసికొనును. కొన్ని డ్రైవర్లలో ఈ ఏర్పాటు సరిగా సాగక జాప్యము పెరుగును. అట్టి దోషమున్నచో పింగ్ కాలములు ఒకసారి 3, ఒకసారి 90, మరల 5, మరల 110 అన్నట్లు ఎగుడుదిగుడుగా ఉండును. ఆ గుర్తు కనిపించినచో చిట్కా తగినదే. కాలములన్నియు స్థిరముగా ఉన్నచో ఈ చిట్కా వలన బ్యాటరీ త్వరగా తరుగుటయే ఫలము.

రెండవ చిట్కా ఇంటెల్ కార్డులకు సంబంధించినది. వాటి డ్రైవరులో "11ఎన్ డిసేబుల్" అను ఒక మీట కలదు. దీనికి 1 అను సంఖ్య ఇచ్చినచో ఎన్ ప్రమాణము పూర్తిగా ఆగిపోవును. దానిపై ఆధారపడిన తరువాతి ప్రమాణములును ఆగును. బంధపు వేగము 54 మెగాబిట్లకు మించదు. 8 అను సంఖ్య ఇచ్చినచో పంపవలసిన చిన్న పొట్లములను ఒక్క మూటగా కట్టి పంపు సదుపాయము అమలులోనికి వచ్చును, వేగము పెరుగవచ్చును. ఒకే మీట, రెండు సంఖ్యలు, దాదాపు విరుద్ధమైన ఫలితములు! ఒకప్పుడు కొన్ని కార్డులకు ఎన్ ప్రమాణములో బంధము తరచు తెగిపోవుచుండగా 1 అను సంఖ్య నిలకడ నిచ్చినది. ఆ కార్డు ఏదో, ఆ కాలమేదో మరచిపోయి, నేటి కార్డులకు కూడ ఆ పంక్తినే అప్పజెప్పుట మందుచీటీ పైనున్న రోగి పేరు చెరిపి ఇంకొకరికి ఇచ్చుట వంటిది. 300 మెగాబిట్ల బంధమును 54కు దించుకొని, "ఇప్పుడు తెగుట లేదు" అని సంతోషించువారు తాము చెల్లించిన మూల్యమును ఎరుగరు.

మూడవ చిట్కా పేర్ల సేవకమును, అనగా డీఎన్ఎస్‌ను, మార్చుట. వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చి చెప్పునది ఈ సేవకము. ఇది మందమైనచో పుట తెరచుటకు ముందు కొంత కాలము ఏమియు జరుగదు. తెరచుట మొదలైన పిమ్మట అంతయు వేగముగనే సాగును. పెద్ద ఫైలు ఆద్యంతము నెమ్మదిగా దిగుచున్నచో డీఎన్ఎస్‌ను నిందించుట పొరపాటు.

ఈ చిట్కాలలో ఏదియు పూర్తిగా అబద్ధము కాదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వ్యాధి కలదు. వ్యాధి పేరు విడిచి మందు పేరు మాత్రము ప్రచారములో ఉండుటయే దోషము. ఇట్టి ఆదేశములను నిర్వాహక పాస్‌వర్డు ఇచ్చియే నడపవలెను. అర్థము తెలియని పంక్తికి యంత్రముపై సర్వాధికారము నిచ్చుట భద్రతకును హాని.

మరి చిట్కాల వలన బాగైనదని చెప్పువారు అబద్ధమాడుచున్నారా? కారు. వసతి గృహములో రాత్రి తొమ్మిది గంటలకు అందరును వీడియోలు చూచుచుందురు. ఆ వేళ ఒక విద్యార్థి చిట్కా కొరకు వెదకును. పదకొండు గంటలకు దానిని ప్రయోగించును. అప్పటికి సగము గదులలో దీపములు ఆరిపోయినవి; వైఫై సహజముగనే తేరుకొన్నది. కీర్తి చిట్కాకు దక్కినది. కాకి వ్రాలుట, తాటిపండు పడుట ఒక్కసారి జరిగినంత మాత్రమున కాకి బరువునకే పండు రాలినదనరాదు. ఈ కాకతాళీయమును తప్పించుకొనుటకు ఒక సులభోపాయము కలదు. మార్పు చేసి కొలువవలెను. మార్పు తీసివేసి మరల కొలువవలెను. మరల చేసి ఇంకొకసారి కొలువవలెను. మార్పు తీసిన ప్రతిసారి దోషము తిరిగి వచ్చినచో అది కారణమని నమ్మవచ్చును.

గాలిలోని కాలువ

వసతి గృహములలో దోషము ఎక్కువగా కాలువలో, అనగా గాలిలో, ఉండును. మన దేశములో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుటకు 2005లో అనుమతి వచ్చినది. ఈ పట్టీలో 13 ఛానళ్లున్నను ఒకదానిపై నొకటి పడకుండ వాడదగినవి 1, 6, 11 అను మూడే. ఒక అంతస్తులో పది రౌటర్లున్నచో అవి ఈ మూడింటినే పంచుకొనవలెను. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో విశాలమైన భాగమునకు 2018 అక్టోబరులో అనుమతి లభించినది. అందులో రద్దీ తక్కువ, వేగము ఎక్కువ; గోడలను దాటు శక్తి మాత్రము తక్కువ. ఇనుప బీరువా, నీళ్ల ట్యాంకు, ఇనుప కడ్డీలు గల కాంక్రీటు కప్పు రెండు పట్టీలకును ఆటంకములే.

మరియొక విచిత్రమైన కారణము కలదు. యూఎస్‌బీ 3 తీగెలు, డిస్కులు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో రేడియో అలజడి కలిగించునని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రమున ప్రకటించినది. బయటి హార్డ్ డిస్కు తగిలించినపుడే వైఫై కుంటుపడుచున్నచో డిస్కును దూరముగా జరుపుటయో, 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మారుటయో చికిత్స. ఏ ఆదేశమును ఆ అలజడిని మాన్పదు.

ఒక్కరి బలహీనత అందరికిని ఎట్లు సోకునో 2003లో ఫ్రాన్సు దేశపు గ్రెనోబుల్ నగరమునకు చెందిన పరిశోధకులు హ్యూసే, ఆయన సహచరులు చూపిరి. వైఫైలో ప్రతి పరికరమునకు సమానముగా అవకాశములు దొరకును. కాలము సమానముగా దొరకదు. 54 మెగాబిట్ల వేగముతో ఒక ల్యాప్‌టాపు, వరండా చివర 1 మెగాబిట్ వేగముతో ఇంకొకటి ఉన్నవనుకొందము. 1500 బైట్ల పొట్లము, అనగా 12,000 బిట్లు, పంపుటకు మొదటి దానికి 0.22 మిల్లీసెకండు చాలును. రెండవ దానికి 12 మిల్లీసెకండ్లు పట్టును. ఇద్దరును వంతులవారీగా ఒక్కొక్క పొట్లము పంపినచో 12.22 మిల్లీసెకండ్లకు ఒక్కొక్కరికి 12,000 బిట్లే దక్కును. ఇతర ఖర్చులను లెక్కలోనికి తీసికొనకున్నను ఒక్కొక్కరి వేగము సెకనుకు 1 మెగాబిట్ కూడ నిండదు. వేగవంతుడు మందగామికి సమానుడగును!

ఈ వైపరీత్యమునకు 2017లో స్వీడన్ దేశపు కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయమునకు చెందిన హోయ్‌లాండ్-యోర్గెన్సెన్, ఆయన సహచరులు పరిష్కారము ప్రకటించిరి. అవకాశములకు బదులు గాలిలోని కాలమును సమానముగా పంచుటయే అందలి కీలకము. వారి పరిష్కారము లినక్స్‌లోనే చేరినది. ఐతే దీనిని అమలు చేయవలసినది పంపిణీ జరుపు రౌటరు. కావున వరండా చివరి విద్యార్థి రౌటరునకు దగ్గరగా జరిగినచో తక్కిన గదులవారికిని మేలు కలుగును. ఎదుటివారి ల్యాప్‌టాపులలో చిట్కాలు ప్రయోగించినచో కలుగదు.

మడవలోని లోపము

దోషము నిజముగా ల్యాప్‌టాపులోనే ఉన్న సందర్భములును లేకపోలేదు. రియల్‌టెక్ 8723బీఈ అను చిప్ కథ ఇందుకు మంచి నిదర్శనము. ఈ చిప్‌నకు రెండు యాంటెన్నాలు తగిలించు చోట్లున్నవి. కొన్ని ల్యాప్‌టాపులలో ఒక్క యాంటెన్నా మాత్రమే అమర్చబడినది. చిప్‌లో వ్రాసి యుంచిన సమాచారము మాత్రము రెండవ చోటును వాడుమని చెప్పుచుండెను. ఫలితముగా కార్డు తీగె లేని చోటునుండి వినుటకు ప్రయత్నించెను. రౌటరు ప్రక్కనే కూర్చున్నను సంకేతము క్షీణముగా ఉండెను. 2016లో స్వచ్ఛందముగా డ్రైవర్లను సవరించు లారీ ఫింగర్, ఏ యాంటెన్నా వాడవలెనో వినియోగదారుడే ఎంచుకొను మీటను ఈ డ్రైవరులో చేర్చెను. 2024లో ఆయన దివంగతుడయ్యెను. ఆయన అమర్చిన మీట నేటికిని పాత ల్యాప్‌టాపులకు ఉపకరించుచున్నది.

ఈ దోషమును పట్టుటకు గొప్ప విద్య అక్కరలేదు. రౌటరునకు ఒక మీటరు దూరములో సంకేత బలము చూచిన చాలును. అదే చోట చేతిలోని ఫోను మైనస్ 40 చూపుచుండగా ల్యాప్‌టాపు మైనస్ 75 చూపినచో యాంటెన్నాను అనుమానింపవలెను. విద్యుత్ పొదుపు ఆపుట, డీఎన్ఎస్ మార్చుట ఇచ్చట వ్యర్థములు.

లినక్స్‌పై రావలసిన విమర్శ

చిట్కాలను విమర్శించి వ్యవస్థను విడిచిపెట్టుట న్యాయము కాదు. కొత్త వైఫై చిప్‌లకు లినక్స్ డ్రైవర్లు కొన్నిసార్లు ఆలస్యముగా వచ్చును. చిప్ చేయువారు తమ వివరములు వెల్లడింపనపుడు స్వచ్ఛంద కార్యకర్తలు శోధించి తెలిసికొనవలసి వచ్చినది. బ్రాడ్‌కామ్ సంస్థ 2010లో తన డ్రైవరు సోర్సు కోడును వెల్లడించువరకు దాని చిప్‌లు గలవారు ఇట్టి ఇబ్బంది అనుభవించిరి.

మరియొక లోపము ఇంకను మిగిలి యున్నది. గ్నోమ్ వంటి తెరలు సంకేత బలమును అంకెతో చెప్పక "మంచిది", "బలహీనము" అను మాటలతో సరిపెట్టును. అంకె కావలసినవాడు ఆదేశముల తెరను ఆశ్రయింపవలెను. తెలుగు రూపములు మెనూలకు, బొత్తాములకు తెలుగు పేర్లు సమకూర్చినవి. ఇది మెచ్చదగిన సేవ. ఐతే డ్రైవరు వ్రాయు దోషసూచనలు ఆంగ్లములోనే ఉన్నవి. వాటిని చదువ వెరచియే విద్యార్థి చిట్కాను ఆశ్రయించుచున్నాడు. తెలుగులో కావలసినది మరిన్ని చిట్కాల పట్టికలు కావు. ఆ సూచనలకు అర్థము చెప్పు పుస్తకములు.

ఈ లోపములకు ఎదురుగా ఒక గొప్ప గుణమును నిలుపవలెను. లినక్స్ సాక్ష్యమును దాచదు. కార్డునకు కావలసిన ఫర్మ్‌వేర్ ఎక్కినదా లేదా, బంధము ఎప్పుడు తెగినది, ఏ కారణముచేత తెగినది, ఎన్ని పొట్లములను మరల పంపవలసి వచ్చినది అను వివరములను దినచర్యవలె వ్రాసి ఉంచును. డీమెసేజ్, ఐడబ్ల్యు అను ఆదేశములు వాటిని చూపును. సాక్షి ఎదుట నిలిచి యుండగా సాక్ష్యము వినక శిక్ష విధించుట ఎట్టిదో, ఈ వివరములు చదువక చిట్కాలు ప్రయోగించుట అట్టిది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు దీనిని భౌతికశాస్త్ర ప్రయోగముగా మార్చుకొనవచ్చును. కావలసినవి ఒక ల్యాప్‌టాపు, ఒక రౌటరు, కొలత టేపు, నోటు పుస్తకము. పాఠశాల ఆవరణలో 1, 2, 4, 8, 16 మీటర్ల దూరములలో సంకేత బలము, బంధపు వేగము, రౌటరునకు జాప్యము వ్రాయవలెను. అడ్డు లేని బయలులో దూరము రెట్టింపైన ప్రతిసారి సంకేతము సుమారు 6 డెసిబెల్లు తగ్గవలెను. ఇది దూరపు వర్గమునకు విలోమముగా తగ్గు నియమము. గోడ వెనుక, బీరువా వెనుక అదే కొలతను మరల తీసినచో ఆ గోడ ఎంత మ్రింగినదో తెలియును. రెండు కంప్యూటర్లున్నచో ఐపెర్ఫ్3 అను ప్రోగ్రాముతో ఇంటర్నెట్ ప్రమేయము లేకుండగనే నిజమైన వేగమును కొలువవచ్చును. ఉదయము, రాత్రి కొలతలు వేరు వేరుగా ఉండవలెను; ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలెను.

ఇట్టి పట్టిక చేతనున్న విద్యార్థి ఇంటర్నెట్ సంస్థవారితో మాటలాడినను, వసతి గృహపు అధికారిని రౌటరు జరుపుమని కోరినను ఆ మాటకు బలముండును. డ్రైవరు లోపమే తేలినచో కార్డు పేరు, కేంద్రభాగపు సంఖ్య, కొలతలు జతపరచి దానిని సవరించువారికి తెలుపవచ్చును. హనుమకొండలోని ఒక గది నుండి వెడలిన సరియైన పట్టిక, అదే కార్డు గల ఇతర దేశములవారి ల్యాప్‌టాపులను కూడ బాగుచేయుటకు తోడ్పడగలదు. సోర్సు కోడు అందరికిని తెరచియుండుట వలన కలుగు ప్రయోజనములలో ఇది ముఖ్యమైనది.